ఉద్దానంలో ఆ గోర్జిని తారు రోడ్డు చేయాలా, వద్దా?

గోర్జిదారి

మాది శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలం. ఊరి పేరు రాయను, రాస్తే సాయంత్రానికల్లా రామమందిరం దగ్గర పంచాయితీ పెట్టేస్తారు. మా ఊరికీ పక్క ఊరికీ మధ్య జీడి, కొబ్బరి తోటల్లోంచి పాత గోర్జి ఉంది. ఒకప్పటి ఎడ్లబండ్ల దారి, మూడు కిలోమీటర్ల లోపే. దాన్ని లింకు రోడ్డు చేయమని జిల్లా పరిషత్తుకి ప్రతిపాదన వెళ్ళింది. ఇంజనీర్లు వచ్చి సున్నం గీతలు వేసి వెళ్ళారు. ఇప్పుడు గ్రామసభ తీర్మానం చేసి పంపమంటున్నారు. ఊళ్ళో సగం మంది వద్దంటున్నారు.

మా అమ్మకి డయాలసిస్. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ ఆసుపత్రి తెరిచాక విశాఖ పరుగులు తప్పాయి. వారానికి మూడుసార్లు, వెళ్ళినప్పుడల్లా నాలుగేసి గంటలు మెషీన్ మీద. అయ్యాక బీపీ పడిపోతుంది. ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చే రక్తనాళం) ఉన్న చేయి ఒళ్ళో పెట్టుకుని, రెండో చేత్తో ఆటో రాడ్డు పట్టుకుని కూర్చుంటుంది. గోర్జిలో వస్తే ఆటో ఇసకలో దిగబడుతుంది, దిగి నెట్టాలి. లేదంటే హైవే ఎక్కి చుట్టూ తిరిగి రావాలి. కిడ్నీ జబ్బులకి పేరుపడ్డ ఈ ఉద్దానంలో ఇలాంటి ఇల్లు లేని వీధి ఉందా? ఇంకా ఏం కారణం కావాలండీ ఒక రోడ్డుకి?

పలాస ఆటో

వానాకాలం ఆ గోర్జిలోకి మేం ఎవరం రాం. వచ్చినా డబుల్ అడుగుతాం. యాక్సిల్ విరిగితే మాకు ఎవడిస్తాడు?

కొబ్బరితోట

వద్దంటున్నవాళ్ళలో నేనొకణ్ణి. మా ఇంట్లోనూ కిడ్నీ పేషెంటు ఉన్నారు కాబట్టి ఆ మాట చెప్పి మా నోరు మూయించకండి.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను వచ్చింది. తెల్లారి తోటలోకి వెళ్తే ఏ గట్టు ఎవరిదో తెలియలేదు. మా నాన్న పాతిన చెట్లు మొదళ్ళతో సహా పడిపోయి ఉన్నాయి. దేశవాళీ కొబ్బరి కాపుకి రావాలంటే ఆరేడేళ్ళు పడుతుంది. తుపాను తర్వాత నాటినవి ఇప్పుడిప్పుడే గెల దింపుతున్నాయి. సున్నం గీత సరిగ్గా ఆ వరస మీదుగా పోయింది. ఒక చెట్టు మొదలు చుట్టూ కూడా సున్నం వేశారు, కొట్టేయాలని గుర్తు.

ఇంకో మాట. ఇక్కడ అభివృద్ధి అని ఎవరైనా వస్తే మాకు ముందు సోంపేట బీల (చిత్తడి నేలలు) గుర్తొస్తుంది. 2010 జులై 14న థర్మల్ ప్లాంటు వద్దన్నందుకు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. మరుసటి ఏడాది కాకరాపల్లిలోనూ అదే. ఇప్పుడు మూలపేట పోర్టు అంటున్నారు, కార్గో ఎయిర్‌పోర్ట్ అంటున్నారు. ఈ రోడ్డు ఎవరి లారీల కోసమో ఎవరికి తెలుసు?

గోర్జిదారి

థర్మల్ ప్లాంటుకీ మూడు కిలోమీటర్ల లింకు రోడ్డుకీ పోలికేంటండీ? దీని మీద పోర్టు లారీ ఎదురైతే సైకిల్ కూడా పక్కకి తప్పుకోలేదు. పన్నెండు అడుగుల తారు వేస్తారంతే.

కొబ్బరితోట

పన్నెండు అడుగులే అయితే గీతలు పాతిక అడుగులకి ఎందుకు గీశారు?

నక్షా మాష్టారు

సర్వే శాఖలో పనిచేసి రిటైరయ్యాను. మీరిద్దరూ చెప్పేది నిజమే. పల్లె రోడ్లలో తారు పడేది 3.75 మీటర్లు, అంటే పన్నెండు అడుగుల పైచిలుకు. రెండు పక్కలా మట్టి భుజాలతో కలిపి మొత్తం 7.5 మీటర్లు, దగ్గరదగ్గర పాతిక అడుగులు.

అసలు ప్రశ్న వేరే ఉంది. ఆ గోర్జి వెడల్పు ఎఫ్‌ఎంబీలో, అంటే సర్వే శాఖ పొలం కొలతల పుస్తకంలో, ఎన్ని లింకులు (సర్వే గొలుసు కొలత)? ఎవరైనా చూశారా? మా రోజుల్లో ఆ చుట్టుపక్కల గోర్జులు చాలావాటికి 20 లింకులు ఉండేవి. అంటే సుమారు 13 అడుగులు. ఇప్పుడు నేల మీద కొలవండి, ఎనిమిది అడుగులు మిగిలితే గొప్ప. మిగతా అయిదు అడుగులు ఏమైపోయాయి?

జీడిపిక్క

మాష్టారూ, ఆ అయిదు అడుగుల్లో ఎవరిదో ములగ చెట్టు కాస్తోంది 😄

కొబ్బరితోట

అంటే మేం గోర్జి కలుపుకున్నామంటారా? సూటిగా అనండి.

నక్షా మాష్టారు

నేను ఎవర్నీ అనలేదు. లింకులు ఎన్నో చూడమన్నాను. రీసర్వే అయి ఉంటే కొత్త ఎల్‌పీఎం (భూమి ముక్కల పటం) నంబర్లు వచ్చి ఉంటాయి, అందులో గోర్జిని ఎంత చూపించారో కూడా తీయించండి. పాతదానికీ కొత్తదానికీ తేడా ఉంటే అక్కడే తెలిసిపోతుంది.

గోర్జిదారి

అమ్మ ఆటోలో పడిపోతుందంటే మీరు లింకులు లెక్కపెడుతున్నారు.

నక్షా మాష్టారు

లెక్కపెట్టాల్సిందే బాబూ. గోర్జి 13 అడుగులు ఉంటే కిలోమీటరుకి కొత్తగా కావలసింది 86 సెంట్లు. ఎనిమిదే ఉంటే ఎకరం పాతిక సెంట్లు. మూడు కిలోమీటర్లకి వేసుకో, తేడా ఎకరం పైన. ఎకరాకి డెబ్భై కొబ్బరి చెట్లు. ఈ లెక్క రోడ్డు కాంట్రాక్టరు చేయడు.

చెన్నైలో సిక్కోలు

పీఎంజీఎస్‌వైలో (ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన) పెట్టించుకోండి, కేంద్రం డబ్బులు, గొడవ ఉండదు.

నక్షా మాష్టారు

అది 2000 డిసెంబరులో మొదలైంది, అసలు రోడ్డే లేని ఊళ్ళ కోసం. ఇప్పుడు నడుస్తున్న నాలుగో విడత కూడా అంతే, మైదానంలో 2011 లెక్కల ప్రకారం 500 మంది పైన ఉండి దారి లేని ఊళ్ళకి. ఈ రెండు ఊళ్ళకీ హైవే నుంచి చెరో తారు రోడ్డు ఉందిగా. అర్హత లేదు. ఉన్నా ఆ పథకంలో భూమికి పైసా ఇవ్వరు, స్థలం చూపించే బాధ్యత రాష్ట్రానిదే. జడ్పీ నిధులైనా చివరికి అదే తీరు.

ఫ్రీబస్సు

ఆడవాళ్ళకి ఫ్రీ బస్సు వచ్చి మా ఊళ్ళో లాభమేంటి, బస్సు వస్తే కదా. రోడ్డు వేయండి బాబూ.

కొబ్బరితోట

విన్నారా? భూమికి పైసా ఇవ్వరట. 2013 భూసేకరణ చట్టంలో మార్కెట్ రేటు మీద నూరు శాతం సొలేషియం (అదనపు పరిహారం) ఉంది, చెట్లకి విడిగా లెక్క కట్టాలని ఉంది. అది హైవే పక్కన పెద్దోళ్ళకి. లింకు రోడ్డు దగ్గరికి వచ్చేసరికి "ఊరి మంచి కోసం వదిలేయండి" అంటారు. మొన్న పంచాయతీ దగ్గర తెల్ల కాయితాల మీద సంతకాలు అడిగారు. నేను పెట్టలేదు. అప్పట్నుంచి టీ కొట్టు దగ్గర నన్ను చూసి మాట మార్చేస్తున్నారు.

గోర్జిదారి

ఎవరూ బలవంతం చేయలేదు. మీరు పెట్టకపోవడం వల్లే ఫైలు ఆగింది. మొత్తం ఊరి కోసం ఒక వరస చెట్లు వదులుకోలేరా? మీ పిల్లలు విశాఖలో చదువుకుంటున్నారు, వాళ్ళకి ఈ రోడ్డు అక్కర్లేదు కాబట్టి మీకు పట్టదు.

కొబ్బరితోట

ఓహో. ఇప్పుడు తెలిసింది నువ్వు ఎవరి అబ్బాయివో. మావయ్యా అని పిలుస్తూ మా తోటలో బొండాలు తాగి పెరిగినవాడివి, మారుపేరు మాస్కు తగిలించుకుని నాకు నీతులు చెప్తున్నావా?

సరే, నేనూ చెప్తాను. నువ్వు ఉండేది విశాఖలో. నెలకోసారి కారులో వస్తావు, నీకు ఇసకలో దిగబడుతుంది. ఇక్కడ తోటకి నీళ్ళు మోసేది నేను, రాత్రి పందులు రాకుండా కాసేది నేను. ఊరి మంచేంటో నాకు చెప్పడానికి నువ్వెవరు?

గోర్జిదారి

ఊళ్ళో ఉండకపోతే ఊరు మాది కాదా? అమ్మని అక్కడ పెట్టుకుని నేను విశాఖలో సంతోషంగా ఉన్నాననుకున్నారా? వచ్చేయమంటే తను రాదు. రాత్రి ఫోన్ మోగితే ఎంత టెన్షనో మీకు తెలియదు.

అడ్మిన్

ఇద్దరూ కాస్త తగ్గండి. ఇంటి విషయాలు వద్దు.

జీడిపిక్క

అడ్మిన్ గారూ, ఇక్కడ ఇంటి విషయం కానిది ఏదైనా ఉందా?

పక్కఊరి కోడలు

చదువుతూ ఊరుకుందామనుకున్నాను, కుదరడం లేదు. నా పుట్టిల్లు ఆ ఊరు, అత్తారు ఈ ఊరు. ఆ గోర్జి మీద పిల్లని చంకనేసుకుని నడిచింది నేను. రోడ్డు నాకు కావాలి. మా అమ్మకి జ్వరమంటే అరగంటలో వెళ్ళి చూసి రావచ్చు.

కానీ ఒకటి అడుగుతాను. నా పెళ్ళికి పసుపు కుంకుమల కింద అర ఎకరం తోట ఇచ్చారు. గోర్జి పక్కనే. పాస్‌బుక్కు నాన్న పేరునే ఉండి, ఆయన పోయాక అన్నయ్య పేరు మీదికి మారింది. కాయలు మాత్రం ఇప్పటికీ నాకే పంపుతారు. మొన్న అన్నయ్య ఆ తెల్ల కాయితం మీద సంతకం పెట్టేశాడు. చెట్లు నావి. నాకు ఫోన్ కూడా చేయలేదు. అడిగితే, "రోడ్డు నీక్కూడా మంచిదే కదమ్మా" అన్నాడు.

నక్షా మాష్టారు

అమ్మా, పాస్‌బుక్కులో పేరు లేకపోతే కొలతలకి వచ్చినప్పుడు మిమ్మల్ని పిలవరు. అది ఒకటి. రెండోది, స్థిరాస్తి దానం చెల్లాలంటే రిజిస్టరు కావాలి, ఇద్దరు సాక్షులు ఉండాలి. తెల్ల కాయితం దానపత్రం కాదు. మీ అన్నయ్య సంతకంతో భూమి ఇంకా ఎక్కడికీ పోలేదు.

పక్కఊరి కోడలు

రిజిస్టరు చేసినా చేసేది అన్నయ్యే కదండీ.

ఇంకోటి కూడా. మొన్న పుట్టింటికి వెళ్ళి సున్నం గీతలు నడుచుకుంటూ చూశాను. గీతలన్నీ తూర్పు వైపే. మా అర ఎకరం తూర్పు. కొబ్బరితోట మావయ్యగారి చెట్లు తూర్పు. అటువైపు ఉన్నవి అన్నీ అరా ముప్పాతికా ఎకరాల ముక్కలు. పడమర వైపు ఒక్క చెట్టుకీ సున్నం తగల్లేదు. పడమర ఎవరివో ఇక్కడ రాసేవాళ్ళకి తెలుసు.

కొబ్బరితోట

నేను ముందు రోజు నుంచీ అడగాలనుకున్నది అదే. ఈ పిల్ల అడిగింది. తండ్రి ఉంటే నోరు విప్పేవాడు.

గోర్జిదారి

పడమర వైపు కరెంటు స్తంభాలున్నాయి. ఉద్దానం తాగునీటి పైపులైను కూడా అటే వేశారు. ఇంజనీరు అది చూసి తూర్పు వైపు గీశాడు. ఇందులో కుట్ర ఏముంది?

కొబ్బరితోట

స్తంభం పీకి పక్కన పాతొచ్చు. నా చెట్టుని పీకి పక్కన పాతగలవా?

మరి పైపులైను వేసినప్పుడు పడమర వైపు ఎందుకు వేశారు? అప్పుడు ఆ వైపువాళ్ళు వద్దనలేదు, నీళ్ళు కాబట్టి. నీ పదకొండు ఎకరాలూ పడమర వైపే ఉన్నాయి బాబూ. రోడ్డు పడితే మాకు ఒక వరస పోయి రోడ్డు వస్తుంది. నీకు ఏమీ పోకుండా పదకొండు ఎకరాలూ రోడ్డు పక్క బిట్టు అయిపోతాయి. పలాస నుంచి ఎవరెవరు వచ్చి నీ తోట చూసి వెళ్ళారో ఊళ్ళో అందరికీ తెలుసు. అమ్ముకో, నీ ఆస్తి నీ ఇష్టం. దానికి మా చెట్లు ఎందుకు కొట్టాలి?

పలాస ఆటో

ఇదీ సంగతి!

గోర్జిదారి

చూడటానికి వచ్చారు, నిజమే. అన్నయ్యకి అప్పులున్నాయి. ఇంకా ఏదీ తేలలేదు. దానికీ అమ్మ డయాలసిస్‌కీ ముడిపెట్టకండి మావయ్యా. రోడ్డు లేకపోయినా హైవే దగ్గర భూములు అమ్ముడుపోతూనే ఉన్నాయి. రోడ్డు లేకపోతే అమ్మ మాత్రం ఆటో దిగి నడవాలి.

కొబ్బరితోట

మీ అమ్మ నాకు అప్ప వరస. ఆవిడ్ని మధ్యలో పెట్టింది నువ్వు.

రాస్తున్నాను, చదువుకో. రోడ్డు వద్దని నేను సచ్చేదాకా అనను. మధ్యలోంచి కొలవాలి, తూర్పుకి ఎంతో పడమరకీ అంతే. పోయే చెట్టుకి వయసు చూసి లెక్క కట్టి రాసివ్వాలి, నోటి మాట కాదు. జడ్పీ దగ్గర డబ్బు లేకపోతే రేట్లు పెరిగేవాళ్ళు ఇవ్వాలి. ఈ పిల్లలాంటి ఆడపడుచుల పేర్లు కూడా ఆ కాయితంలో ఉండాలి. అప్పుడు మొదటి సంతకం నాది.

చెన్నైలో సిక్కోలు

రేట్లు పెరిగేవాళ్ళ దగ్గర వసూలు చేస్తే ఈ దేశంలో ఒక్క రోడ్డూ పడదు.

ఫ్రీబస్సు

సగం సగం అంటే పైపులైను మళ్ళీ తవ్వాలి. మాకు నీళ్ళు వచ్చిందే మొన్న. అది ఆపితే మేం ఊరుకోం, ముందే చెప్తున్నాం.

నక్షా మాష్టారు

పైపు ఎంత దూరంలో వేశారో తెలియకుండా ఇవన్నీ గాలి మాటలు. మట్టి భుజం కింద పైపు ఉండొచ్చు, లోతు సరిపోతే. ముందు ఎఫ్‌ఎంబీ నకలు తీయించండి. 20 లింకులు ఉన్నట్టు తేలితే సగం గొడవ అక్కడే పోతుంది.

కొబ్బరితోట

తేలితే ఇస్తాను మాష్టారూ. ములగ చెట్టు నాదే, కొట్టేయండి.

గోర్జిదారి

మధ్యలోంచి అంటే మా వైపు కూడా ఆరేడు అడుగులు పోతుంది. నాకు అభ్యంతరం లేదు. పాస్‌బుక్కు అన్నయ్య పేరు మీదా నా పేరు మీదా ఉంది. ఆయన ఆదివారం వస్తాడు, అడిగి చెప్తాను.

పక్కఊరి కోడలు

వదిననీ అడుగు. అడిగానని ఇక్కడ రాయి.