ముసలి ఎలుకకి పక్కులు: పరీక్ష లేకుండానే మైట్స్ మందు వేసేయొచ్చా?

భీముడి నాన్న:
మా భీముడికి రెండేళ్ల మూడు నెలలు. మగవాడు, 480 గ్రాములు. రెండు వారాలుగా భుజాల మీద, మెడ పక్కన చిన్న చిన్న పక్కులు కడుతున్నాయి. వెనక కాలితో గోక్కుంటాడు, పక్కు ఊడుతుంది, మళ్లీ రక్తం. వాడితో ఉండే కుర్ర ఎలుకలు రెండింటికీ ఏమీ లేదు. ఎలుకలు పెంచే స్నేహితుడొకడు "మైట్సే, చర్మం మీద బతికే సన్న పురుగులు. కంటికి కనబడవు, ఇవర్‌మెక్టిన్ వేసెయ్" అంటున్నాడు. ఈ వయసులో గుడ్డిగా మందు వేయాలంటే నాకు భయంగా ఉంది. మీరైతే ఏం చేస్తారు?

పంజరం పక్కన:
వేసేస్తాను. చర్మం గీకి మైక్రోస్కోప్ కింద చూసినా బొచ్చులో ఉండే రాడ్‌ఫోర్డియా లాంటి మైట్స్ చాలాసార్లు దొరకవు. "ఏమీ లేదు" అని రిపోర్ట్ వస్తే మైట్స్ లేవని కాదు, ఆ గీకిన చోట లేవని. కుర్రాళ్లకి లేదు కదా అని కూడా అనుకోకండి. ఒకే పంజరంలో ఉన్నాక అందరి మీదా ఉంటాయి, ఒంట్లో శక్తి తగ్గినవాడి మీదే బయటపడతాయి. ముగ్గురికీ ఒకేసారి వేయాలి. గుడ్లు ఆ మందుకి చావవు కాబట్టి మళ్లీ ఇంకో విడత వేయాలి. పంజరంలో పరుపంతా మార్చాలి. మా ఇంట్లో ప్రతిసారీ దీంతోనే తగ్గింది. ఎలుక బతికేదే రెండు మూడేళ్లు, అందులో ఓ నెల రిపోర్టుల కోసం గోక్కుంటూ కూర్చోవాలా?

సగం చుక్క:
ఆ "వేసేయండి" దగ్గరే నాకు టెన్షన్. ఏది వేయమంటున్నారు? చాలామంది చేతికి దొరికేది పశువులకి వాడే ఒక శాతం ఇంజెక్షన్. అంటే మిల్లీలీటరుకి 10 మిల్లీగ్రాములు. ఎలుకకి మామూలుగా వాడే మోతాదు కిలో బరువుకి 0.2 నుంచి 0.4 మిల్లీగ్రాములు. భీముడి బరువుకి లెక్క కట్టండి, 0.01 నుంచి 0.02 మిల్లీలీటర్లు వస్తుంది. ఒక చుక్కే దాదాపు 0.05. అర చుక్క కూడా ఎక్కువే! నా పేరు ఇందుకే ఇలా పెట్టుకున్నాను. ఎక్కువైతే తూలుతుంది, మగతగా పడిపోతుంది, ప్రాణమే పోవచ్చు.

రెండోది, పక్కులు కనబడగానే మైట్స్ అనే అలవాటు. నేనూ అలాగే చేశాను. మా ఆడ ఎలుక ఒక భుజం వెనకే తెగ గోక్కునేది. రెండు విడతలు మందు వేసి రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. ఈలోగా చంక కింద శనగగింజంత ఉన్న గడ్డ నిమ్మకాయంత అయింది. ఎలుకల్లో పాలగ్రంథుల కణజాలం మెడ నుంచి గజ్జల దాకా ఉంటుందని, చంకలోనూ గడ్డ రావచ్చని నాకు అప్పటిదాకా తెలియదు. ఆడవాటిలో ఈ గడ్డలు చాలావరకు ప్రాణం తీసేవి కాదు, చిన్నగా ఉన్నప్పుడు తీసేయడం తేలిక. నేను ఆ సమయం పోగొట్టుకున్నాను.

మూడోవాడు:
ప్రోటీన్ తగ్గించండి, పక్కులు అవే పోతాయి.

సగం చుక్క:
ఇది ప్రతి చర్చలోనూ వస్తుంది. ముసలి మగ ఎలుకల కిడ్నీలు దెబ్బతినడం నిజమే, వాటికోసం తగ్గించమంటే అర్థముంది. పక్కుల పేరుతో దాన్నే నమ్ముకుని కూర్చోకండి.

పంజరం పక్కన:
సరేనండీ, పశువుల ఇంజెక్షన్ మాట నేను అనలేదు, అనను కూడా. బరువు చూసి డాక్టర్ ఇచ్చే సెలామెక్టిన్ ఉంది, మెడ వెనక చర్మం మీద వేసేది. మందు వద్దనడం వేరు, కొలత తెలియకుండా వేయొద్దనడం వేరు. చూపించి, పరీక్ష కోసం ఆగకుండా వేయించమనే నేను ఇప్పటికీ అంటాను.

భీముడి నాన్న:
ఇవాళ దీపం కింద పెట్టి బాగా చూశాను. చెవులూ తోకా శుభ్రంగానే ఉన్నాయి. వెనక కాళ్ల గోళ్లు మాత్రం కొడవళ్లలా పెరిగాయి! వీపు మీద నారింజ రంగు జిడ్డు పొట్టు కూడా ఉంది. అదీ రోగమేనా?

సగం చుక్క:
కాదు, మగ ఎలుకలకి హార్మోన్ల వల్ల వచ్చే జిడ్డు అది. ముసలితనంలో ఒళ్లు సరిగా శుభ్రం చేసుకోలేరు కాబట్టి ఇంకా ఎక్కువ కనబడుతుంది. రుద్ది రుద్ది స్నానాలు చేయించకండి, తడిగుడ్డ చాలు. చెవులు శుభ్రంగా ఉండటం మంచిదే. చెవి అంచుల్లో పసుపు గరుకు పొక్కులు ఉంటే అవి వేరే రకం మైట్స్. నాకైతే ఆ గోళ్ల మీదే అనుమానం. మొదట ఎందుకు దురద పుట్టినా, గీరుకున్న చోట చర్మం మీద మామూలుగా ఉండే స్టాఫ్ బ్యాక్టీరియా చేరితే పుండు మానదు. కొనలు మాత్రమే కత్తిరించండి, లోపలి ఎర్రగీత తగలకుండా.

భీముడి నాన్న:
ఇద్దరం పట్టుకుంటే ఆరు గోళ్లు అయ్యాయి, మిగతావాటికి ఒప్పుకోలేదు. రేపు పొద్దున డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తున్నాను. నా స్నేహితుడు ఇచ్చిన సీసా తిరిగి ఇచ్చేశాను.

పంజరం పక్కన:
ముగ్గుర్నీ ఒకే పెట్టెలో తీసుకెళ్లండి, ఒక్కడే అయితే ముసలాడు బెదురుతాడు. బెదిరినప్పుడు ముక్కు దగ్గర ఎర్రగా కనబడితే రక్తమనుకోకండి, అది పోర్ఫిరిన్, కంటి వెనక గ్రంథి నుంచి వచ్చే ఎర్రరంగు పదార్థం. పరీక్షలో ఏమీ దొరకలేదంటే మాత్రం నా మాట గుర్తు చేసుకోండి.

సగం చుక్క:
చంకలు కూడా తడిమి చూడమనండి.