అప్‌డేట్: ఉల్లిగడ్డల మొలకలు, మాలిక్ హైడ్రజైడ్

నిల్వలో ఉన్న ఉల్లిగడ్డల మీద మాలిక్ హైడ్రజైడ్ చల్లితే మొలకలు ఆగుతాయా అని అడిగాను కదా. ఆగవు. ఈ మందు పచ్చి ఆకు ద్వారానే లోపలికి వెళ్తుంది. ఆకు పీల్చుకుని గడ్డలోకి దింపితే, మొలక మొదలయ్యే చోట కణ విభజన ఆగిపోతుంది. పీకి, ఆరబెట్టి, ఆకు కోసేసిన గడ్డకు పైపైన ఎంత పట్టించినా డబ్బు దండగే.

అందుకే ఈసారి పైరు చేలో ఉండగానే కొట్టించాం. అసలు టెన్షన్ అంతా సమయం దగ్గరే. మెడలు మెత్తబడి ఆకు వాలడం మొదలవ్వాలి, కానీ చాలా ఆకు ఇంకా పచ్చగానే ఉండాలి. మరీ ముందు కొడితే గడ్డ లోపల బెండులా అయిపోతుంది. ఆలస్యమైతే ఎండిన ఆకు మందు తీసుకోదు. కొట్టిన వెంటనే వాన పడితే అదీ పోయినట్టే.

ఇప్పుడు గడ్డను నిలువునా కోసి చూస్తే మధ్యలో పచ్చ మొగ్గ లేవలేదు. మందు కొట్టకుండా వదిలిన సాళ్లలోవి అప్పుడే మెడ దగ్గర పొడుస్తున్నాయి. కుళ్లు మాత్రం రెండింటిలోనూ కనబడింది. దానికి ఈ మందు పనిచేయదు, బాగా ఆరబెట్టి గాలి ఆడేలా ఉంచాల్సిందే. విత్తనానికి ఉంచుకునే గడ్డలకైతే దీన్ని అసలు కొట్టకండి.

మొలకలు ఆగడానికి ఒకరు క్లోర్‌ప్రోఫామ్ అనే ఇంకో మందు వాడమన్నారు. అది ప్రధానంగా గిడ్డంగిలో బంగాళాదుంపలకు పొగమంచులా పట్టించే మందు. ఐరోపా సమాఖ్య 2019లో దాని అనుమతిని పొడిగించలేదు కూడా. మేం ఆ జోలికి పోలేదు.