పాండాను పరిణామం చేసిన పొరపాటు అనడం సబబేనా?

ప్రశ్న: చైతన్య

జెయింట్ పాండా ప్రస్తావన వచ్చిన ప్రతిచోటా ఒక వాదన వినిపిస్తుంది. మాంసాహారి పేగులు పెట్టుకుని వెదురు తింటుందని, ఏడాదికోసారి, అదీ రెండు మూడు రోజులు మాత్రమే ఎదకు వస్తుందని, కవలలు పుడితే ఒక పిల్లను వదిలేస్తుందని, మనుషులు పూనుకోకపోతే ఇది ఎప్పుడో అంతరించిపోయేదని ఆ వాదన సారాంశం. మొదటి మూడూ నిజమేనని నేను చదివినంతలో అర్థమైంది. అలాంటప్పుడు చివరి మాట తప్పని ఎలా అనగలం? అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం 2016లో పాండాను ఒక మెట్టు తక్కువ ప్రమాదం గల వర్గంలోకి మార్చింది కదా, అది ప్రజనన కేంద్రాల చలవేనా? విషయం తెలిసినవారు వివరించగలరు.

సమాధానం: హర్షిత

తిండి సంగతి మాత్రం నేను చెబుతాను. పాండా ఎలుగుబంటి జాతికి చెందినదే. దాని పేగులు పొట్టివి, పశువులకున్నట్టు నెమరు వేసే పొట్ట లేదు. 2010లో వెలువడిన జన్యుక్రమంలో పీచును విడగొట్టే ఎంజైముల జన్యువులు కనిపించలేదు. మాంసపు రుచిని పసిగట్టే గ్రాహక జన్యువు ఒకటి పనిచేయకుండా పోయినట్టు కూడా అందులోనే తేలింది. తిన్న వెదురులో ఆరో వంతు మాత్రమే అరుగుతుంది. ఇక్కడితో ఆపేస్తే ఎవరికైనా ఇది విఫలమైన జీవి అనే అనిపిస్తుంది.

అయితే ఆదాయం తక్కువైనప్పుడు ఖర్చు ఎంతో కూడా చూడాలి. 2015లో చైనా శాస్త్రవేత్తలు పాండా రోజువారీ శక్తి వ్యయాన్ని కొలిచి, అదే బరువున్న క్షీరదానికి ఉండవలసినదానిలో అది 38 శాతమేనని చూపారు. మెదడు, కాలేయం, మూత్రపిండాలు శరీరానికి ఉండవలసినదానికంటే చిన్నవి, థైరాయిడ్ హార్మోన్ల స్థాయి కూడా చాలా తక్కువ. దట్టమైన బొచ్చు ఒంటి వేడిని బయటకు పోనివ్వదు. మరో నాలుగేళ్ళకు వెలువడిన పరిశోధన ఇంకా ఆసక్తికరం. చైనాలోని ఛిన్‌లింగ్ కొండల్లో పాండాలు వసంతంలో కింది వాలుల్లో మొలిచే లేత వెదురు కొమ్ములు తిని, అవి ముదిరేసరికి పై ఎత్తుల్లో అప్పుడే మొలుస్తున్న మరో రకం కొమ్ముల కోసం కొండెక్కుతాయి, ఆ తరువాత ఆకులకు మళ్ళుతాయి. ఈ ఎంపిక వల్ల వాటికి అందే శక్తిలో దాదాపు సగం మాంసకృత్తుల నుంచే వస్తోంది. ఇది తోడేలు వంటి మాంసాహారుల ఆహారానికి దగ్గరగా ఉండే నిష్పత్తి. మణికట్టు ఎముక ఒకటి పెరిగి బొటనవేలిలా పనిచేయడం వల్ల పాండా కూర్చుని కొమ్మును పట్టుకుని, పై పొరను పళ్ళతో ఒలిచి, లోపలి లేత భాగాన్ని తింటుంది. ఇంత పొందికగా బతికే జంతువును పొరపాటు అనడం నాకు సబబుగా తోచదు.

సమాధానం: డా. మాధవి (పశువైద్యం)

ఎద విషయంలో ఉన్న అపోహ చాలావరకు జంతుప్రదర్శనశాలల నుంచి పుట్టింది. ఒకే ఆవరణలో మనం ఎంచిన జతను ఉంచి, అవి కలవకపోతే ఆసక్తి లేదని తీర్మానించారు. అడవిలో వాసన గుర్తుల ఆధారంగా అనేక మగవి ఒక ఆడదాని చుట్టూ చేరి పోటీ పడతాయి. ఛిన్‌లింగ్‌లో జీవశాస్త్రవేత్త పాన్ వెన్‌షీ బృందం ఏళ్ళ తరబడి గమనించిన ఆడ పాండాలు దాదాపు రెండేళ్ళకొకసారి ఈనుతూనే ఉన్నాయి. నిర్బంధంలో కూడా పరస్పరం ఇష్టపడిన జంటలకు పిల్లలు పుట్టే అవకాశం బాగా ఎక్కువని 2015 నాటి అధ్యయనం చూపింది.

కవలల సంగతి నిజమే. పుట్టిన పిల్ల బరువు వంద గ్రాముల చుట్టూ ఉంటుంది, అంటే తల్లి బరువులో సుమారు తొమ్మిది వందలో వంతు. ఆ పిల్లను తల్లి రోజుల తరబడి, తిండి కూడా మాని, ఒంటికి హత్తుకునే ఉండాలి కాబట్టి రెండో దానికి చోటు లేదు. ప్రజనన కేంద్రాల్లో ఒక పిల్లను ఇంక్యుబేటరులో ఉంచి, తల్లికి తెలియకుండా మార్చి మార్చి పాలు తాగిస్తారు. అది మంచి పద్ధతి, కాని అడవి పాండాకు దాని అవసరం లేదు.

నాకు భయం కలిగించేది వ్యాధులే. 2014 చివర, 2015 ఆరంభంలో షాన్‌షీ రాష్ట్రంలోని ఒక కేంద్రంలో కుక్కలకు సోకే డిస్టెంపర్ అనే వైరస్ వ్యాధి వ్యాపించి కొన్ని పాండాలు చనిపోయాయి. అడవిలోనేమో వాటికే ప్రత్యేకమైన ఏలికపాముల లార్వాలు కాలేయంలోకి, ఊపిరితిత్తుల్లోకి చేరి చంపుతాయి.

చైతన్య

ధన్యవాదాలు. అయితే వర్గం మారడానికి కారణం ప్రజనన కేంద్రాలు కావా?

సమాధానం: రాఘవేంద్ర

కావు. చైనాలో పాండాలను లెక్కించిన నాలుగో జాతీయ సర్వేలో తేలిన 1,864 సంఖ్య అడవి పాండాలది మాత్రమే. నిర్బంధంలో ఉన్నవి ఏడు వందలు దాటినా, అడవిలోకి వదిలినవి బహు కొద్ది. 2006లో మొదటగా వదిలిన షియాంగ్ షియాంగ్ అడవి మగ పాండాలతో పోరులో గాయపడి మరుసటి ఏడాదే చనిపోయింది. మేలు చేసింది 1998 నాటి నరికివేత నిషేధం, కొత్త అభయారణ్యాలు. మూడో సర్వేలోని 1,596తో పోల్చి సంబరపడేవారు, ఈసారి వెదికిన విస్తీర్ణం కూడా పెరిగిందన్న విషయం మరవకూడదు.

పై ఇద్దరూ చెప్పనిది ఒకటుంది. వెదురు మూకుమ్మడిగా పూసి ఎండిపోవడం పాత సంగతే. వెనుక పాండాలు పక్క లోయకు వెళ్ళి మరో రకం వెదురు తినేవి. ఇప్పుడు మధ్యలో రోడ్లు, పొలాలు, ఊళ్ళు అడ్డం వచ్చి ఆ 1,864 జంతువులూ 33 విడి గుంపులుగా చీలిపోయాయి, వాటిలో ముప్పై కూడా లేని గుంపులే ఎక్కువ. 2021లో ఏర్పడిన జాతీయ ఉద్యానం ఈ ముక్కలను కలిపే ప్రయత్నం. ఆ ఉద్యానంపై నాకున్న అభ్యంతరం వేరు. పాండాల కోసం కాపాడిన అడవుల్లోనే చిరుతలు, తోడేళ్ళు, రేచుకుక్కలు దాదాపు కనుమరుగయ్యాయని 2020లో వెలువడిన అధ్యయనం చెబుతోంది. పాండాను కాపాడితే మిగతావన్నీ వాటంతటవే బతుకుతాయన్న లెక్క ఈ విషయంలో తప్పింది. పాండా పరిరక్షణకు అయ్యే ఖర్చు గురించి ప్రశ్నించదలచినవారు అక్కడి నుంచి మొదలుపెట్టాలి.