మార్లీనా షాను ఏ రికార్డుతో మొదలుపెట్టాలి?

ప్రశ్న: 2000లో వచ్చిన సెయింట్ జర్మేన్ పాట ‘రోజ్ రూజ్’లో పదేపదే వినిపించే గొంతు అమెరికన్ గాయని మార్లీనా షాదని తెలిసినప్పటి నుంచి ఆమె పాత రికార్డుల మీదికే మనసు పోతోంది. సోల్, జాజ్, డిస్కో మూడూ పాడిన ఆమెను ఎక్కడ నుంచి వినమంటారు?

జవాబు: అది 1973లో స్విట్జర్లాండ్‌లోని మాంత్రో జాజ్ ఉత్సవ వేదికపై పాడిన ‘ఉమన్ ఆఫ్ ది ఘెట్టో’లోని గొంతండి. ఆ కచేరీతోనే మొదలుపెట్టండి. 1969 నాటి స్టూడియో పాటను అక్కడ ఆమె సాగదీసి, నిలదీస్తూ, సభను తన వెంట నడిపిస్తారు.

మరో జవాబు: ఆమె గడుసుదనం తెలియాలంటే మాత్రం 1975లో బ్లూ నోట్ అనే రికార్డుల సంస్థ విడుదల చేసిన ‘హూ ఈజ్ దిస్ బిచ్, ఎనీవే?’ ఆల్బమే వినాలి. బార్‌లో మాట కలపబోయిన మగవాడికి ఆమె దీటుగా బదులిచ్చే సంభాషణ నిమిషాల తరబడి నడిచి, ఉన్నట్టుండి పాటలోకి జారుతుంది.

ఇంకో జవాబు: డిస్కోకైతే 1979 నాటి ‘టచ్ మీ ఇన్ ది మార్నింగ్’ వినండి.