పదిహేనేళ్ల అబ్బాయికి గేమింగ్ కంప్యూటర్ కొనివ్వొచ్చా?

మా అబ్బాయి ఆరు నెలలుగా గేమింగ్ కంప్యూటర్ కావాలంటున్నాడు. ఊరికే మారాం చేయడం లేదు. నోటుబుక్కు చివరి పేజీలో గ్రాఫిక్స్ కార్డ్ (తెర మీద బొమ్మలను గీసే భాగం), 16 జీబీ ర్యామ్, 1 టీబీ ఎస్‌ఎస్‌డీ అని పెన్సిల్‌తో రాసుకుని, ధర మారినప్పుడల్లా చెరిపి మళ్లీ రాస్తున్నాడు. ఆ పేజీ చూశాక వద్దనడానికి నోరు రావడం లేదు.

ఇప్పుడున్న పాత ల్యాప్‌టాప్‌లో విడిగా గ్రాఫిక్స్ కార్డ్ లేదు. బ్లెండర్ అనే 3డీ బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో వాడు చేసిన బొమ్మను రెండర్‌కి, అంటే చివరి చిత్రంగా తయారవడానికి, పెడితే ఫ్యాన్ హోరెత్తిపోతుంది, అరగంటైనా పని అవ్వదు. కాబట్టి అవసరం నిజమే. కానీ రాత్రిళ్లు గేమ్ మధ్యలో ఆపమంటే ఆపలేకపోతున్నాడు. 2022లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో గేమ్‌లు ఆడటాన్ని అదుపు చేసుకోలేని గేమింగ్ డిజార్డర్ కూడా ఉందని చదివాక నాకు టెన్షన్ పెరిగింది. చదువైతే ఇంకా దెబ్బతినలేదు.

ఒక ఆలోచన ఉంది. మంచి పవర్ సప్లై, మదర్‌బోర్డ్, లోపలే గ్రాఫిక్స్ ఉన్న ప్రాసెసర్ ఇప్పుడు తీసుకుని, గ్రాఫిక్స్ కార్డ్ ఏడాది తర్వాత వేయిస్తే? డబ్బు భారం తగ్గుతుంది, వాడి తీరు చూసే సమయమూ దొరుకుతుంది. అలా చేసినవాళ్లు ఉన్నారా? కంప్యూటర్ హాల్లో పెట్టారా, పిల్లల గదిలోనా? ఎన్ని గంటలు ఆడాలో కొనకముందే మాట్లాడుకున్నారా? దయచేసి మీ అనుభవం చెప్పండి.