నోయ్! 2 డిజిటైజ్: ఏది తప్పు, ఏది కావాలని చేసింది?

జర్మన్ బృందం నోయ్! చేసిన 'నోయ్! 2' (1973) ఎల్పీని కంప్యూటర్‌లోకి 24 బిట్, 96 కిలోహెర్ట్జ్‌లో రికార్డు చేస్తున్నాను. గరిష్ఠ స్థాయి మైనస్ 6 డెసిబెల్స్. మొదటి వైపు ఇబ్బంది లేదు. 'స్పిట్జెన్‌క్వాలిటేట్'లో డ్రమ్స్ మెల్లగా నెమ్మదించడం పాటలోనే ఉంది, టర్న్‌టేబుల్ బెల్ట్ జారడం కాదు; వేగం చూపే స్ట్రోబ్ డిస్క్‌తో నిమిషానికి 33⅓ చుట్లు సరిచూశాను.

చిక్కంతా రెండో వైపు. డబ్బు అయిపోవడంతో బృంద సభ్యులు డింగర్, రోథర్ 1972 నాటి తమ సింగిల్‌నే వేగాలు మార్చి ఈ వైపు నింపారు కదా. 'నోయ్‌ష్నే 78'లో, 'కసెట్టో'లో చప్పుళ్లూ వణుకూ సంగీతంలో భాగమే. గీతల టకటకలను దానంతటదే తీసేసే క్లిక్ రిమూవల్ పెడితే నా ప్లేట్ మీది గీతలతో పాటు అవీ పోతున్నాయి.

రెండోది, 'సూపర్ 16'. సింగిల్ 45 వేగానిది అనుకుంటే 16⅔కి దించినప్పుడు శ్రుతి దాదాపు 17 సెమీటోన్లు పడుతుంది, 60 హెర్ట్జ్ బేస్ 22కి చేరుతుంది. రంబుల్ (టర్న్‌టేబుల్ గురగుర) కోసం మామూలుగా పెట్టే 30 హెర్ట్జ్ హైపాస్ (అంతకంటే కింది ధ్వనులను కోసే ఫిల్టర్) దాన్ని కూడా మింగేస్తుంది. తీసేస్తే టర్న్‌టేబుల్ మోటారు గురగుర మిగులుతోంది.

అడిగేవి ఇవే: ఈ వైపుకి ఆటోమేటిక్ క్లిక్ రిమూవల్ మానేసి, ఒక్కో గీతనూ చేత్తో తీయడమే దారా? 'సూపర్ 16' వరకు హైపాస్‌ను 15 హెర్ట్జ్‌కి దించితే చాలా, లేక తక్కువ హెర్ట్జ్ భాగాన్ని మోనో చేసి (ఎడమ, కుడి కలిపి) నిలువు రంబుల్ (సూది పైకీ కిందికీ ఊగడం వల్ల వచ్చేది) తగ్గించడం మేలా? మూల వేగం పాటలు అదే వైపు ఉన్నాయి, పోల్చుకోవడానికి. సీడీ కొనుక్కోమనే సలహా మాత్రం వద్దు.