జర్మనీ అడవుల్లో యంత్రాల బాటలు: 20 మీటర్లకొకటా, 40 మీటర్లకొకటా?

వనమిత్ర:
జర్మనీలో చెట్లు నరికే హార్వెస్టర్లను, దుంగలు మోసే ఫార్వర్డర్లను అడవిలో ఇష్టం వచ్చినట్టు తిప్పకుండా, వాటికని గుర్తించిన బాటల మీదే నడపడం పద్ధతి. ఆ బాటలు 20 మీటర్లకు ఒకటి ఉండాలా, 40 మీటర్లకు ఒకటి చాలా అన్న వివాదం అక్కడ చాలాకాలంగా నలుగుతోంది. నేను 40 మీటర్ల పక్షం. బాట వెడల్పు 4 మీటర్లనుకుంటే, మొదటి పద్ధతిలో అడవి నేలలో అయిదో వంతు చక్రాల పాలవుతుంది. రెండో పద్ధతిలో పదో వంతే. నిండు లోడుతో 30 టన్నుల దాకా తూగే ఫార్వర్డర్ తడి బంకమట్టి మీద నడిస్తే, గాలీ నీరూ ఆడే పెద్ద రంధ్రాలే ముందుగా మూసుకుపోతాయి. అలాంటి చక్రాల గాడిని తవ్వి చూడండి: పైన వాన వెలిసినా ఇంకని నీరు, కింద పలకలు పలకలుగా విడే మట్టి, గాలి అందక బూడిదరంగుకు తిరిగిన మచ్చలు, లోతుకు దిగలేక అడ్డంగా పాకిన వేళ్లు. పొలాన్నయితే దున్ని గుల్ల చేసుకుంటాం. అడవిలో ఆ పని వానపాములూ, వేళ్లూ, చలికి గడ్డకట్టి కరిగే నీరూ చేయాలి, అందుకు దశాబ్దాలు పడుతుంది.

టేకుచెట్టు:
లెక్క బాగానే ఉంది గానీ, మనుషుల సంగతి అందులో లేదండీ. హార్వెస్టర్ చెయ్యి సుమారు 10 మీటర్లే అందుతుంది కాబట్టే 20 మీటర్ల కొలత వచ్చింది. దూరం పెంచితే నడిమి చెట్లను మనిషే మోటారు రంపంతో కోసి బాట వైపు పడగొట్టాలి. బెరడు పురుగు తిని ఎండిన స్ప్రూస్ అనే సూదిఆకుల చెట్ల కింద ఆ పని చేసేవాడి నెత్తిన ఏ కొమ్మ ఎప్పుడు విరిగిపడుతుందో చెప్పలేం. పైగా నేలలన్నీ ఒకటి కావు. అమెరికా అటవీ విభాగం 1989లో తలపెట్టిన దీర్ఘకాలిక ప్రయోగాల్లో, కొన్ని ఇసుక నేలలను అణచినప్పుడు నీరు కాస్త నిలిచి మొక్కలు ఇంకా బాగా పెరిగాయి.

వనమిత్ర:
టేకుచెట్టు గారూ, ఇసుక నేలల విషయంలో మీతో పేచీ లేదు. నేను పట్టుబట్టేది బంకనేలల గురించే. ఎండిన చెట్లున్న చోట 20 మీటర్ల బాటలే వేసి యంత్రంతోనే కోయించాలి, అక్కడ మనిషి ప్రాణమే ముఖ్యం. పచ్చని అడవిలో మాత్రం రిమోట్‌తో నడిచే విన్చ్ (తాడును చుట్టుకుంటూ లాగే యంత్రం) తాడు కట్టి, మనిషి దూరంగా నిలబడి చెట్టును లాగి పడేయించే వీలుంది. ఖర్చు పెరుగుతుంది, ఆ ఖర్చు పెట్టదగినదే.

ఇద్దరం వదిలేసిన విషయం ఒకటుంది. నేల అణగడంలో ఎక్కువ భాగం మొదటి కొద్ది రాకపోకల్లోనే జరిగిపోతుంది కనుక, "ఒక్కసారికి ఏమవుతుందిలే" అని బండి బాట వదిలి పక్కకు దిగితే కొలత ఏదైనా వృథాయే. కొమ్మలు పరిచినా, చక్రాలకు ఇనుప పట్టాలు తొడిగినా గాడి లోతు తగ్గుతుంది గానీ బండి బరువు తగ్గదు. పూర్వం చలికాలంలో నేల గడ్డకట్టి బండిని మోసేది. ఇప్పుడు అలాంటి రోజులు తగ్గిపోతున్నాయి, అప్పు చేసి యంత్రం కొన్న కాంట్రాక్టరేమో వాన వెలిసేదాకా ఆగలేడు. అందుకే నేల తడిసి ఉన్న రోజుల్లో పని నిలిపివేయాలనీ, ఆ రోజులకు కూడా కాంట్రాక్టరుకు డబ్బు చెల్లించాలనీ ఒప్పందంలోనే రాయాలి. దీనికి మీకేమైనా అభ్యంతరం ఉందా?